ఒకే ఇంట్లో ఇద్దరికి షుగరు: ఎవరికి ఏ పరీక్ష?

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా రాయదుర్గం. మా అత్తమ్మకు 61 ఏళ్ళు. షుగరు వచ్చి పదకొండేళ్ళయింది. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, వోగ్లిబోజ్ మూడూ కలిసిన మాత్ర పొద్దున ఒకటి, రాత్రి ఒకటి వేసుకుంటారు. పోయిన నెల ల్యాబులో పరగడుపు షుగరు 112 ఉందన్నారు, అదే రక్తంలో మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ మాత్రం 8.9 శాతం వచ్చింది. హిమోగ్లోబిన్ 8.6. ఆ రోజే ల్యాబు దగ్గర మా మీటరుతో చూస్తే 126 చూపించింది. అప్పుడప్పుడు సాయంత్రం పూట ఒళ్ళంతా చెమట పట్టి చేతులు వణుకుతున్నాయంటారు. బెంగళూరులో ఉన్న మా మరిది చేతికి షుగరు చూసే సెన్సర్ పెట్టిద్దామంటాడు. పక్కింటివాళ్ళు సూది లేకుండా షుగరు చూపే వాచీ కొనమంటున్నారు. మా మామయ్య ఉన్నన్నాళ్ళూ మూత్ర పరీక్షతోనే నెట్టుకొచ్చారు. ఇక నా సంగతి. నేను ఇంట్లోనే మిషను మీద ప్యాంట్లు కుడతాను. ఇప్పుడు నాకు ఆరో నెల. గ్లూకోజు నీళ్ళు తాగించి రెండు గంటలకు చూస్తే 158 వచ్చింది, నాకూ షుగరే అన్నారు. ఇద్దరికీ కలిపి ఏం కొనాలి? ఏ అంకెను నమ్మాలి?

సమాధానం: అమ్మా, ఏ పరికరం కొనాలని మీరు అడిగారు. అంతకంటే ముందు తేల్చుకోవలసింది, వచ్చిన అంకెను చూసి మనం ఏం మార్చబోతున్నామన్నది. మాత్ర మోతాదు సరిచూడటానికి ఒక పరీక్ష కావాలి, కంచంలో ఎంత పెట్టుకోవాలో తెలుసుకోవడానికి మరొకటి, చెమట పట్టిన క్షణాన ఏం చేయాలో తెలియడానికి ఇంకొకటి. మీ అత్తగారికి కావలసిన జవాబు వేరు, మీకు కావలసిన జవాబు వేరు. అందుకని ఇద్దరి సంగతీ విడివిడిగా చెబుతాను.

అన్నిటికంటే ముందు ఆ సాయంత్రపు చెమటల విషయం. గ్లిమెపిరైడ్ తినే మనిషికి ఒంట్లో చెమట, చేతుల్లో వణుకు, గుండెదడ, ఉన్నట్టుండి ఆకలి కలిగాయంటే, వేరే కారణం రుజువయ్యేదాకా షుగరు పడిపోయిందనే అనుకోవాలి. మధ్యాహ్నం భోజనం ఆలస్యమైన రోజున, సంగటి సగం తిని లేచిన రోజున ఇలా జరుగుతోందేమో గమనించండి. ఆ క్షణంలో మీటరు చేతికందితే వెంటనే చూసి, అంకెను, సమయాన్ని రాసిపెట్టండి. 70 కంటే తక్కువుంటే తక్కువ కిందే లెక్క, 54 కంటే తక్కువుంటే ప్రమాదం. మీటరు దగ్గర లేకపోతే దాని కోసం వెతుకుతూ కూర్చోకుండా ముందు తీపి ఇవ్వండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఆమె మాత్రలో వోగ్లిబోజ్ ఉంది కాబట్టి మామూలు చక్కెర, బెల్లం, బిస్కెట్టు ఆమెకు త్వరగా పనిచేయవు; పేగుల్లో చక్కెర విడిపోవడాన్ని ఆపడమే ఆ మందు పని. అందువల్ల మందుల షాపులో దొరికే గ్లూకోజు పొడి డబ్బా ఒకటి ఇంట్లో ఎప్పుడూ ఉంచుకుని, మూడు చెంచాలు నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంట తర్వాత మళ్ళీ చూసి, ఇంకా 70 దాటకపోతే మరో మూడు చెంచాలు ఇవ్వండి. తేరుకున్నాక భోజనం పెట్టండి. మాట తడబడుతున్నా, స్పృహ తప్పినా నోట్లో ఏమీ పోయకుండా 108కి ఫోన్ చేయండి.

ఈ సంగతిని వచ్చే నెల చూపించుకున్నప్పుడు చెబుదామని ఆగకండి, ఈ వారమే డాక్టరుగారికి చెప్పండి. షుగరు పదకొండేళ్ళుగా ఉన్నవారికి మూత్రపిండాల పని కొంత తగ్గితే గ్లిమెపిరైడ్ ఒంట్లో ఎక్కువసేపు నిలిచి షుగరును పడగొడుతుంది. ఆమె హిమోగ్లోబిన్ 8.6 అంటే రక్తహీనతే, మూత్రపిండాల పని తగ్గడం వల్ల అదీ రావచ్చు. కాబట్టి మూత్రపిండాల సంగతి చెప్పే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించారో లేదో అడగండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడితే బీ12 విటమిన్ తగ్గే వీలుంది, అది కూడా రక్తహీనతకు ఒక దారే. ఇనుముతో పాటు దాన్నీ చూపించుకోవడం మేలు.

ఇప్పుడు మిమ్మల్ని తికమక పెట్టిన రెండు అంకెలు. పరగడుపు 112 చూస్తే అంతా బాగున్నట్టుంది. 8.9 శాతం అంటే మూడు నెలల సగటు షుగరు 209 వరకూ ఉందన్న మాట. రెండూ ఒకే మనిషివి ఎలా అవుతాయి? రెండు రకాలుగా కావచ్చు. ఒకటి, పొద్దున బాగానే ఉండి, తిన్న తర్వాత బాగా పెరిగి గంటల తరబడి దిగకుండా ఉండటం. మన ఇళ్ళల్లో పెద్దల విషయంలో ఇది చాలా మామూలు. రెండవది, ఆ 8.9 అన్నదే అసలుకంటే ఎక్కువ చూపిస్తూ ఉండటం. హెచ్‌బీఏ1సీ పరీక్ష ఎర్ర రక్తకణాలకు అంటుకున్న చక్కెరను కొలుస్తుంది. కణం దాదాపు 120 రోజులు బతుకుతుంది కాబట్టి రెండు మూడు నెలల లెక్క దానిలో నమోదై ఉంటుంది. ఇనుము గానీ బీ12 గానీ తక్కువైనప్పుడు కొత్త కణాలు పుట్టడం మందగించి పాత కణాలే ఎక్కువ కాలం తిరుగుతుంటాయి, వాటికి చక్కెర ఎక్కువగా పట్టి అంకె పైకి జరుగుతుంది. అలా కాక, రక్తం పోయినా, రక్తం ఎక్కించుకున్నా, మూత్రపిండాల జబ్బుకు రక్తం పెరిగే ఇంజెక్షన్లు వేసుకుంటున్నా అంకె కిందికి జరుగుతుంది. హిమోగ్లోబిన్ 8.6 ఉన్న మనిషిలో ఈ పరీక్ష ఒక్కదాన్నే పట్టుకుని మాత్రల మోతాదు పెంచడం నాకు భయంగా ఉంది. ఒకవైపు సాయంత్రాలు షుగరు పడిపోతున్నదన్న అనుమానం ఉండగా, సగటు ఎక్కువుందని గ్లిమెపిరైడ్ పెంచితే ఆ పడిపోవడం ఇంకా లోతుగా పడుతుంది.

సగటు ఎప్పుడూ ఇంతే. ఒక ఏడు కరువు, మరో ఏడు వాగులు పొంగి వరద, అయినా రెండేళ్ళ సగటు వాన లెక్క చూస్తే అనంతపురంలో అంతా సవ్యంగా ఉన్నట్టే కనిపిస్తుంది. అలాగని హెచ్‌బీఏ1సీని తీసేయమనడం లేదు. రక్తహీనత సరిదిద్దిన తర్వాత, షుగరు అదుపులో లేనంత కాలం మూడు నెలలకోసారి, అదుపులోకి వచ్చాక ఆరు నెలలకోసారి అది చేయించుకోవలసిందే. చాలామందికి 7 శాతం లోపు లక్ష్యంగా పెడతారు. షుగరు పడిపోయే బెడద ఉన్నవారికీ, వయసు పైబడి ఇతర జబ్బులున్నవారికీ 8 వరకూ డాక్టరుగారే సడలిస్తారు. ఈలోగా సగటు కావాలనుకుంటే ఫ్రక్టోజమైన్ అనే పరీక్ష రెండు మూడు వారాల లెక్క చెబుతుంది, అది ఎర్రకణాల మీద ఆధారపడదు. చిన్న ఊళ్ళ ల్యాబుల్లో రక్తం తీసి పెద్ద ల్యాబుకు పంపిస్తారు.

మీ మీటరు 126, ల్యాబు 112 చూపడం తప్పు కాదు. ఇంటి మీటర్లకు అంతర్జాతీయ ప్రమాణం ప్రకారమే, షుగరు 100 ఉన్నప్పుడు లేదా దాటినప్పుడు నూటికి 15 వరకూ, 100 లోపు ఉన్నప్పుడు 15 మిల్లీగ్రాముల వరకూ అటూ ఇటూ తేడాను ఒప్పుకుంటారు. మీ తేడా నూటికి పదమూడు లోపే ఉంది. ఇంకొకటి గుర్తుంచుకోండి. భోజనం తర్వాత వేలి చివర రక్తంలో షుగరు సహజంగానే చేతి నరంలో కంటే కొంత ఎక్కువుంటుంది కాబట్టి, మీటరును ల్యాబుతో సరిపోల్చాలంటే పరగడుపునే, రక్తం తీసిన ఐదు నిమిషాల్లోపే పోల్చాలి. రక్తహీనత ఉన్నవారిలో చాలా మీటర్లు అసలుకంటే కాస్త ఎక్కువ చూపుతాయి. అందుకే మీ అత్తగారికి చెమటలు పడుతున్నప్పుడు మీటరు 76 అన్నా, 80 అన్నా, ఫర్వాలేదని ఊరుకోకుండా గ్లూకోజు ఇచ్చేయండి.

ఆమె విషయంలో నా సలహా ఇది. రోజుకు ఏడుసార్లు వేళ్ళు పొడవనక్కర్లేదు, నెలకోసారి పరగడుపున చూసి సంతోషపడటమూ చాలదు. డాక్టరు దగ్గరకు వెళ్ళే ముందు వారం రోజులు, రోజుకు ఒక్క భోజనాన్ని ఎంచుకోండి. ఆ భోజనానికి ముందు ఒకసారి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నప్పటి నుంచి లెక్కబెట్టి రెండు గంటలకు మరోసారి చూడండి. రెండు రోజులు పొద్దుటి పలహారం, రెండు రోజులు మధ్యాహ్నం, రెండు రోజులు రాత్రి. ఏడో రోజు ఎక్కువ పెరిగిన భోజనాన్నే మళ్ళీ చూడండి. చెమట పట్టిన ప్రతిసారీ అదనంగా ఒకటి, ఏదో ఒక రాత్రి మూడు గంటలకు ఒకటి. ఇరవై అయిదు స్ట్రిప్పుల డబ్బా ఒకటి దీనికి సరిపోతుంది. తినకముందు 80 నుంచి 130 మధ్య, తిన్న రెండు గంటలకు 180 లోపు ఉంటే ఆమె వయసుకు మంచిదే. ముందూ వెనకా అంకెలు పక్కపక్కనే రాసి, ఎదురుగా ఏం తిన్నారో, ఎంత తిన్నారో రాయండి. ఉగ్గాని తిన్న పొద్దున ఎంత పెరిగింది, జొన్నరొట్టె, పప్పుతో ఎంత పెరిగింది అన్నది కళ్ళెదుట కనిపిస్తుంది. రాగి ముద్ద తింటే షుగరు రాదన్న నమ్మకం మన వైపు గట్టిగా ఉంది. రాగిలో పీచు ఉన్నా పిండి పదార్థం తక్కువేమీ కాదు, ముద్ద పెద్దదైతే అంకె కూడా పెద్దదే వస్తుంది. ముద్ద సగానికి తగ్గించి ఆకుకూర పప్పు పెంచిన రోజున ఆ తేడాను ఆమే స్వయంగా చూస్తే, ఎవరు చెప్పినా వినని మనిషి కూడా వింటుంది. వేలు పొడుచుకోవడం వల్ల వచ్చే అసలు లాభం అదే. తర్వాత అంకెలు నిలకడగా ఉంటే వారానికి రెండు మూడుసార్లు చాలు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకుంటూ, షుగరు అదుపులో ఉన్న మీ చుట్టాలెవరైనా దీన్ని చదివితే, వారికి రోజూ మీటరుతో పని లేదు. ఆ మందు ఒక్కటే వాడితే షుగరు సాధారణంగా పడిపోదు, రోజువారీ అంకెల వల్ల వారి చికిత్సలో మారేదీ ఉండదు. ఆ డబ్బు ఆదా చేసి హెచ్‌బీఏ1సీ, కంటి పరీక్ష, కాళ్ళ పరీక్ష వేళకు చేయించుకోవడం మంచిది.

ల్యాబుకు వెళ్ళడంలో కూడా ఒక పద్ధతి ఉంది. పరీక్ష ఉందని రెండు రోజుల ముందు నుంచి అన్నం మానేసి వెళ్ళేవారిని నేను ఎందరినో చూశాను. అంకె బాగా వస్తుంది, ఒంటి సంగతి మాత్రం తెలియదు. తిన్న తర్వాతి పరీక్షకు ల్యాబు పక్క హోటల్లో రెండు ఇడ్లీలు తిని, మాత్ర ఇంట్లో మరచిపోయి రక్తం ఇస్తే ఆ అంకె కూడా దేనికీ పనికిరాదు. రోజూ తినేదే తిని, రోజూ వేసుకునే మాత్ర వేసుకుని, రెండు గంటలకు ఇవ్వాలి. పరగడుపు పరీక్షకు మాత్రం రక్తం ఇచ్చిన తర్వాతే మాత్ర, పలహారం.

మీ మరిది చెప్పిన సెన్సర్ మంచి సాధనమే. భుజం కింద చేతి వెనుక భాగాన అంటిస్తే సన్నని తీగలాంటి మొన చర్మం కింద ఉండి, రక్తంలో కాకుండా కణాల మధ్య ద్రవంలో ఉన్న షుగరును కొన్ని నిమిషాలకోసారి నమోదు చేస్తుంది. మన దగ్గర ఎక్కువగా వాడేది పద్నాలుగు రోజులు పనిచేస్తుంది. రాత్రి నిద్రలో ఏం జరిగిందో, సాయంత్రం ఎప్పుడు పడిపోయిందో గీత గీసినట్టు చూపడంలో దానికి సాటి లేదు. రోజుకు మూడు నాలుగుసార్లు ఇన్సులిన్ వేసుకునేవారికీ, టైప్ 1 షుగరు ఉన్న పిల్లలకూ, షుగరు పడిపోయినా ఒంట్లో తెలియనివారికీ అది విలాసం కాదు, అవసరం. మీ అత్తగారికి మాత్రం అది ఎల్లకాలం పెట్టుకుని ఉండనక్కర్లేదు. పైన చెప్పిన వారం రోజుల అంకెల పట్టీ రాసిన తర్వాత కూడా అంకెలు ఒకదానికొకటి పొసగకపోతే, రాత్రుళ్ళు పడిపోతున్నదన్న అనుమానం ఉంటే, ఒక్కసారి రెండు వారాలు పెట్టించండి. ఆ రిపోర్టు చదివి మందు మార్చే డాక్టరు ఉన్నప్పుడే పెట్టించండి. వేలల్లో ఖర్చయ్యే వస్తువు మరిది ఫోన్లో గీతలు చూసుకోవడానికి మాత్రమే పనికివస్తే లాభమేమిటి? రిపోర్టులో 70 నుంచి 180 మధ్య గడిచిన సమయం నూటికి 70 పాళ్ళు దాటడం, 70 కింద గడిచింది 4 పాళ్ళ లోపు, అంటే రోజులో గంట లోపు ఉండటం సాధారణ లక్ష్యం.

సెన్సర్ పెట్టిన మొదటి రోజు అంకెలను అంతగా నమ్మవద్దు. అది రక్తం కంటే ఐదు నుంచి పదిహేను నిమిషాలు వెనుకబడి ఉంటుంది కాబట్టి తిన్న వెంటనే, గ్లూకోజు తాగిన వెంటనే తేడా కనిపిస్తుంది. ఆ చేతి మీద ఒత్తిగిలి పడుకుంటే లేని తక్కువను చూపి రాత్రంతా మోగుతుంది. విటమిన్ సీ మాత్రలు పెద్ద మోతాదులో వేసుకుంటే కొన్ని సెన్సర్లలో అంకె పెరుగుతుంది. ఒంట్లో ఉన్నదానికీ సెన్సర్ చూపేదానికీ పొంతన లేనప్పుడు వేలి రక్తంతో చూసి నిర్ణయించాలి. అందుచేత సెన్సర్ ఉన్న ఇంట్లోనూ మీటరు ఉండాలి.

సూది లేకుండా షుగరు చూపే వాచీని, ఉంగరాన్ని కొనవద్దు. చర్మాన్ని గుచ్చకుండా, రక్తం గానీ చర్మం కింది ద్రవం గానీ అందకుండా, తనంతట తానే షుగరును కొలిచే వాచీని గానీ ఉంగరాన్ని గానీ తాము దేన్నీ అనుమతించలేదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో ప్రజలను హెచ్చరించింది. ఆ వాచీ అంకెను నమ్మి మాత్ర వేసుకున్నా, మానేసినా మనిషి ప్రాణానికే ముప్పు.

మూత్ర పరీక్ష మీ మామయ్యగారి కాలానికి ఉన్నంతలో మంచిదే. కానీ రక్తంలో షుగరు దాదాపు 180 దాటితే గాని మూత్రంలోకి రాదు, పడిపోయినప్పుడు అది ఏమీ చెప్పదు. ఇప్పుడు డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మందులు వాడేవారిలో షుగరు బాగున్నా మూత్రంలో ఎప్పుడూ కనిపిస్తూనే ఉంటుంది, ఆ మందు పనే అది.

ఇక మీరు. మీకు 158 వచ్చింది, 140 ఉన్నా, దాటినా గర్భంలో వచ్చే షుగరుగా లెక్కిస్తారు. భయపడవద్దు, అశ్రద్ధా వద్దు. మీకు హెచ్‌బీఏ1సీ మీద ఆధారపడే వీలు లేదు. గర్భంలో ఎర్రకణాలు త్వరగా మారిపోతూ ఉండటం వల్ల అది తక్కువ చూపుతుంది, పైగా మూడు నెలల సగటు వచ్చేసరికి కాన్పు దగ్గరపడుతుంది. బిడ్డకు తగిలేది ప్రతి భోజనం తర్వాతి పెరుగుదల. కాబట్టి అత్తగారికి వద్దన్న రోజువారీ పరీక్ష మీకు కావాలి. పొద్దున పరగడుపున ఒకసారి, మూడు పూటలా తిన్న తర్వాత ఒక్కోసారి, మొత్తం నాలుగు. పరగడుపున 95 లోపు, తిన్న గంటకు 140 లోపు లేదా రెండు గంటలకు 120 లోపు ఉండాలి. గంటకు చూడాలా, రెండు గంటలకా అన్నది డాక్టరమ్మను అడిగి ఒకదాన్నే పట్టుకోండి. రెండు వారాలు తిండి మార్చుకున్నా అంకెలు దిగకపోతే ఇన్సులినో, మాత్రలో మొదలుపెడతారు, అందులో మీ తప్పేమీ లేదు. అంకె తగ్గాలని పస్తులుండటం మాత్రం చేయకండి. మీ దగ్గరి ప్రభుత్వ ఆసుపత్రిలో ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులకు ఉచిత ప్రత్యేక పరీక్షలుంటాయి, మీ అంకెల పట్టీ అక్కడికి తీసుకెళ్ళండి. కాన్పయిన ఆరు వారాలకు మళ్ళీ గ్లూకోజు పరీక్ష చేయించుకోవడం మరవకండి, బిడ్డ పనుల్లో పడి చాలామంది దీన్ని వదిలేస్తారు.

మీది కుట్టుపని. సూదీ గుడ్డా పట్టే వేలి మెత్తపై పొడిస్తే రోజంతా సలుపుతుంది. ఎడమ చేతి మధ్య వేలు, ఉంగరపు వేలు పక్క అంచున పొడవండి, రోజుకో వేలు మార్చండి. సబ్బుతో కడిగి తుడుచుకున్న తర్వాతే పొడవాలి. అరటిపండు ఒలిచిన చేతితో చూస్తే పండులోని చక్కెరే కలిసి అంకె అమాంతం పెరుగుతుంది. స్పిరిట్ రాస్తే ఆరనివ్వండి, రక్తం కోసం వేలిని గట్టిగా పిండకండి.

మీటరు ఎంచుకునేటప్పుడు పెట్టె ధర చూడకండి, స్ట్రిప్పుల ధర చూడండి. రాయదుర్గంలోనే మీరు వెళ్ళే మందుల షాపులో ఆ స్ట్రిప్పులు ఎప్పుడూ దొరుకుతాయో లేదో అడిగి కొనండి. మన ఎండలు 40 డిగ్రీలు దాటినప్పుడు స్ట్రిప్పులు పాడవుతాయి. చాలా కంపెనీలు 30 డిగ్రీల లోపే ఉంచమంటాయి. పొయ్యి పక్క అరలో, కిటికీలో పెట్టకండి, ఫ్రిజ్‌లోనూ పెట్టకండి. నేల గదిలో చల్లగా ఉండే బీరువా మంచిది. స్ట్రిప్ తీసిన వెంటనే డబ్బా మూత గట్టిగా బిగించి, తెరిచిన తేదీని దానిపై రాయండి.

ఇద్దరూ ఒకే మీటరు వాడితే అందులో దాచిన అంకెలు ఎవరివో తెలియక కలిసిపోతాయి, రక్తం ద్వారా అంటుకునే జబ్బుల భయమూ ఉంది. అందుకని ఒకే కంపెనీవి, ఒకే రకానివి రెండు మీటర్లు కొనండి, స్ట్రిప్పుల డబ్బా ఒకటే ఇద్దరికీ పనికివస్తుంది. పొడిచే పెన్ను, సూది మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ ఒకరిది ఒకరు వాడకూడదు. వాడిన సూదులను మూత ఉన్న గట్టి ప్లాస్టిక్ డబ్బాలో వేసి, నిండాక మీ ఊరి ఆరోగ్య కేంద్రంలో ఇవ్వండి.